గోల్కొండ కళ్లతో కాదు, లష్కర్ కళ్లతో

"కోట అన్నారు, గోడే లేదు!" పడమటి టెక్సస్‌లో ఫోర్ట్ డేవిస్‌కి తొలిసారి వెళ్లిన తెలుగువాళ్ల నోట ఈ మాట రావడంలో వింతేమీ లేదు. 'ఫోర్ట్' అంటే మన నోటికి వచ్చే మాట కోట. కోట అనగానే కళ్లకు కట్టేది బురుజు, అగడ్త, మేకులు దిగ్గొట్టిన సింహద్వారం. ఇక్కడ అవేవీ లేవు. కొండల నోట్లో విశాలమైన మైదానం, దానికి అటూ ఇటూ వసారాల ఇళ్ల వరుసలు, వాటి వెనక మోకాలి ఎత్తు పునాదులు. గంటలో చుట్టేసి, ఫోటో తీసుకుని, బిగ్ బెండ్ నేషనల్ పార్కు వైపు బండి తిప్పేవాళ్లే ఎక్కువ.

పోలిక మార్చుకుంటే ఈ చోటు అర్థమవుతుంది. దీన్ని గోల్కొండ పక్కన కాదు, సికింద్రాబాద్ పక్కన పెట్టి చూడాలి. లష్కర్ అని మనం ఇప్పటికీ పిలుచుకునే ఊరు పుట్టింది పటాలం దిగిన దండుగానే. మధ్యలో పరేడ్ గ్రౌండ్, ఒక పక్క దొరల బంగళాలు, ఇంకో పక్క సిపాయిల లైన్లు, కాస్త ఎడంగా ఆసుపత్రి, చర్చి, సరుకుల కొట్టు, ఆ దండును నమ్ముకుని పుట్టిన బజారు. ఫోర్ట్ డేవిస్ అచ్చం ఇలాగే ఉంటుంది. ఇక్కడా బజారు ఉండేది. దండు పక్కనే చిహువావా అనే పేరుతో మెక్సికన్ కుటుంబాల వాడ వెలిసింది. బట్టలుతికే ఆడవాళ్లకు 1870ల చివరిదాకా పటాలం లెక్కల్లోనే రేషన్ ఉండేది. నేల సంగతి కూడా కలుస్తుంది. సికింద్రాబాద్ దండు నిజాం నేల మీద ఒప్పందంతో నిలిస్తే, ఇక్కడ అమెరికా సైన్యం శాన్ ఆంటోనియోకు చెందిన జాన్ జేమ్స్ అనే సర్వేయరు దగ్గర స్థలం అద్దెకు తీసుకుంది. సైన్యం పోగానే స్థలం సొంతదారుల చేతికే వెళ్లింది. తేడా ఒకటుంది. 1857 తిరుగుబాటు భయంతో తిరుమలగిరిలో కందకం, బురుజులతో ఒక రక్షణ వలయం కట్టారు. ఇక్కడివాళ్లు అదీ కట్టలేదు.

కట్టకపోవడానికి కారణం ఉంది. గోడ కావలసింది ఎవరైనా ముట్టడికి వస్తారనుకున్నప్పుడు. ఇక్కడి ఆదివాసీ తెగలైన అపాచీలు, కోమాంచీలు ఏ దండునూ ముట్టడించి కూర్చునే రకం కాదు. వాళ్ల గురి దారి మీద పోయే బళ్లు, టపా, పశువులు. అందుకని ఈ దండు కాపలా కాసింది తనను తాను కాదు, దారిని. శాన్ ఆంటోనియో నుంచి ఎల్ పాసో పోయే దారిని, ఆ దారిలో అక్కడక్కడా ఉన్న నీళ్లని. ఇది తలకెక్కితే మిగతాదంతా దానంతటదే విప్పుకుంటుంది.

ఏ వైపు నుంచి ఊళ్లోకి వస్తున్నామన్నది కూడా అందుకే ముఖ్యం. మార్ఫా వైపు నుంచి వస్తే పచ్చిక మైదానాల మీదుగా 21 మైళ్లు హాయిగా వచ్చేస్తారు, ఏమీ తెలియదు. ఉత్తరాన బాల్మోరియా నుంచి స్టేట్ హైవే 17 మీద రావాలి. ఆ రోడ్డు వైల్డ్ రోజ్ పాస్ అనే కనుమ దాటి లింపియా వాగు వెంట మెలికలు తిరుగుతుంది. పాత బళ్ల బాట నడిచింది ఈ లోయలోనే. రెండు పక్కలా స్తంభాలు పేర్చినట్టుండే అగ్నిపర్వత శిల, అడుగున వాగు, వాగు గట్టున కాటన్‌వుడ్ చెట్లు. ఎండిన నేల మీద వందల మైళ్లు బండి లాగిన ఎద్దుకు ఇక్కడ నీళ్లు, నీడ దొరికేవి. పొంచి ఉండేవాడికి బండరాళ్లూ దొరికేవి. దండు ఇక్కడే ఎందుకు పెట్టారో ఏ బోర్డూ చదవకుండానే బోధపడుతుంది.

డాలస్ నుంచి దాదాపు 480 మైళ్లు. ఐ-20 మీద పేకోస్ దాకా వెళ్లి, అక్కడ 17 పట్టుకుని దక్షిణానికి దిగాలి. ఆగకుండా నడిపితే ఏడు గంటలు దాటుతుంది. ఆస్టిన్ నుంచి సుమారు 400 మైళ్లు. డాలస్ దారిలో ఇబ్బంది దూరం కాదు, మిడ్‌లాండ్ దాటాక చమురు బావుల లారీలు. పొద్దు కుంకే వేళకు ఆ ముక్క మీద ఉండకుండా బయల్దేరే టైం లెక్కేసుకోవాలి. పెట్రోలు పేకోస్‌లోనో ఫోర్ట్ స్టాక్టన్‌లోనో నింపుకోవాలి. ఎలక్ట్రిక్ కారైతే ఫోర్ట్ స్టాక్టన్, వాన్ హార్న్‌లలో టెస్లా సూపర్‌చార్జర్లున్నాయి. ఆ తర్వాత కొండెక్కి దిగే మైళ్లకు మామూలు కంటే ఎక్కువ చార్జి పోతుందని లెక్కలో పెట్టుకోండి. లోయలో ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి మ్యాపు ముందే దించుకోవాలి.

కాగితాల విషయం ఇంగ్లీషు గైడుల్లో పెద్దగా ఉండదు, మనవాళ్లలో చాలామందికి మాత్రం అక్కరకొస్తుంది. ఫోర్ట్ డేవిస్ ఊళ్లో తనిఖీ లేదు గానీ చుట్టూ ఉన్న దారుల్లో బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులున్నాయి. బిగ్ బెండ్ నుంచి ఆల్పైన్ వైపు, మారథన్ వైపు పైకి వచ్చేటప్పుడు, మార్ఫాకు దక్షిణం నుంచి వచ్చేటప్పుడు, ఎల్ పాసోలో విమానం దిగి ఐ-10 మీద తూర్పుకు వచ్చేటప్పుడు సియెరా బ్లాంకా దగ్గర, బండి ఆపి పౌరసత్వం అడుగుతారు. పౌరులు కానివాళ్లు, 18 దాటినవాళ్లు, తమ రిజిస్ట్రేషన్ కాగితం వెంట ఉంచుకోవాలన్నది చట్టం. గ్రీన్ కార్డు ఉంటే అది, లేకుంటే ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు) ప్రింటు, పాస్‌పోర్టు. ఫోన్లో ఫోటో ఉందిలే అనుకోవద్దు, ఆ ఫోన్‌కి అక్కడ సిగ్నల్ ఉంటుందని ఎవరు చెప్పారు? చూడ్డానికొచ్చిన అమ్మానాన్నలుంటే వాళ్ల పాస్‌పోర్టులు కూడా సూట్‌కేసు అడుగున కాదు, ముందు సీటు దగ్గర ఉండాలి.

ఇక దండు లోపల. విజిటర్ సెంటర్‌లో టికెట్ తీసుకోగానే ముందు చిన్న సినిమా చూసి, ఆఫీసర్ల ఇళ్లు చూసి, ఓపికుంటే కొండెక్కమని ఎవరైనా చెబుతారు. తిరగేసి చేయండి. పొద్దున్నే తెరిచే వేళకు వెళ్లి, ఎండ ముదరక ముందే ఉత్తరపు గట్టు మీదికి ఎక్కాలి. ఊరు దాదాపు 5,000 అడుగుల ఎత్తున ఉంది. డాలస్, హ్యూస్టన్ నుంచి వచ్చిన ఊపిరితిత్తులకు ఆ కాస్త ఎక్కుడే తెలుస్తుంది. మనిషికి లీటరు నీళ్లు తక్కువ కాకుండా పట్టుకెళ్లాలి, పైన చుక్క దొరకదు. చెప్పులు కాదు, బూట్లు. బాట వదిలి గడ్డిలోకి దిగొద్దు, గిలకపాములుంటాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం ఉరుముల వానలు పడతాయి, ఆ నెలల్లో పన్నెండు తర్వాత గట్టు మీద ఉండకూడదు.

పైనుంచి చూస్తే దండు గీసిన పటంలా కనబడుతుంది. మధ్యలో కవాతు మైదానం. లోయ వైపు ఆఫీసర్ల వరుస, ఎదురుగా సిపాయిల బ్యారక్‌లు, లోయ గొంతులో విడిగా ఆసుపత్రి. ఎవరి ఇల్లు ఎవరికి ఎంత దూరమన్నది ఇక్కడి నుంచి చదవాలి. మైదానం వెడల్పే ఆ రోజుల హోదా కొలత. కింద తిరుగుతున్నప్పుడు ఆ కొలత కంటికి ఆనదు.

దిగాక ముందు వెళ్లాల్సింది సింగారించిన ఇళ్లకు కాదు, వాటి వెనక లోయలో గడ్డి మధ్య మిగిలిన పునాదులకు. అది మొదటి దండు. 1854 అక్టోబరులో లెఫ్టినెంట్ కల్నల్ వాషింగ్టన్ సీవెల్ ఎనిమిదో పదాతి పటాలంతో వచ్చి పెట్టాడు. స్థలం ఎంచింది ఆయన కాదు, పైన ఉన్న జనరల్ పెర్సిఫర్ స్మిత్. శీతగాలికి అడ్డు, కట్టెలు, నీళ్లు ఉన్నాయని లోయ లోపల పెట్టమన్నాడు. సీవెల్‌కి అది నచ్చలేదు. మూడు వైపులా కొండలుంటే శత్రువు పైనుంచి పాక్కుంటూ దగ్గరికి రాగలడని ఆయన బాధ. ఎలాగూ దండును బయటికి మారుస్తాంలే అన్న ఆశతో గట్టి కట్టడాల మీద మనసు పెట్టలేదు. గుంజలు పాతి, సందుల్లో మట్టి మెత్తి, పైన గడ్డి కప్పిన పాకలే ఏళ్ల తరబడి ఇళ్లయ్యాయి. పచ్చి కొయ్య ఎండి బీటలిచ్చింది, మట్టి రాలింది, కప్పు కారింది. తాత్కాలికమని మొదలుపెట్టినవి ఎలా శాశ్వతమవుతాయో మన ప్రభుత్వ క్వార్టర్లు చూసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

1861లో టెక్సస్ యూనియన్ నుంచి విడిపోగానే సైన్యం ఖాళీ చేసింది. విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సైన్యం, అంటే కాన్ఫెడరేట్లు, ఏడాది పైచిలుకు ఉండి వాళ్లూ వెళ్లిపోయారు. 1867 జులైలో వెస్లీ మెరిట్ తొమ్మిదో అశ్వికదళంతో తిరిగొచ్చి, ఈసారి లోయ బయట, మైదానం మొదట్లో కట్టడం మొదలుపెట్టాడు. సీవెల్ కోరిక పన్నెండేళ్ల తర్వాత తీరింది. ఇప్పుడు మనం చూసేది ఈ రెండో దండు. 1880ల చివరికి ఇందులో నూరు పైచిలుకు కట్టడాలు, నాలుగొందలకు పైగా సైనికులకు చోటు ఉండేవి. 1891లో సైన్యం దీన్ని వదిలేసింది. 1961లో జాతీయ చారిత్రక స్థలంగా అమెరికా కాంగ్రెస్ గుర్తించేదాకా చాలా గోడలు వానలకే వదిలేసి ఉన్నాయి.

ఆ గోడల గురించి కాస్త ఆగి చెప్పాలి. వీటిలో చాలా భాగం పచ్చి ఇటుక. రాయలసీమ మట్టిమిద్దె తెలిసినవాళ్లకు ఈ శిథిలాలు బోర్డుల్లేకుండానే అర్థమవుతాయి. మట్టిగోడకు మంచి తలపాగా, మంచి చెప్పులు ఉంటే చాలు. అంటే పైన చూరు, కింద రాతి పునాది. చూరు ఉన్నన్నాళ్లూ గోడ నూరేళ్లు నిలుస్తుంది. కప్పు పోయిన తొలి ఏడే వాన గోడ నెత్తిన పడి, నీళ్లు గాడులు కోసుకుంటూ దిగుతాయి. గోడ పైభాగం గుండ్రంగా అరుగుతుంది. కింద ఇంకో రకం దెబ్బ. నేల మీద పడ్డ వాన చిమ్మి గోడ అడుగును తడుపుతుంది, నేలలోని తడి పైకి పాకుతుంది, ఆ తడి ఆరినప్పుడు చవుడు పైపొరను పెళ్లలుగా ఊడదోస్తుంది. అడుగు సన్నబడి, పైన బరువు మిగిలి, ఒక రోజు గాలికి గోడ మొత్తం వాలుతుంది. శిథిలాల దగ్గర వంగి గోడల అడుగు చూడండి, లోపలికి తొలిచినట్టున్న గాడి కనిపిస్తే అదే ఇది.

దీనికి సిమెంటు పూస్తే సరి అనుకుంటాం, మన ఊళ్లలో చేసి చెడిందీ అదే. సిమెంటు గట్టిది, ఊపిరాడనివ్వదు. సందుల్లోంచి దూరిన తడి బయటికి పోలేక లోపలి మట్టిని పిండి చేస్తుంది. పైన పూత నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల గోడ ఉండదు. పచ్చి ఇటుకకు మందు పచ్చి మట్టి పూతే. కొన్నేళ్లకోసారి వాన ఆ పూతను తినేస్తుంది, మళ్లీ పూయాలి. తినేయడానికే ఆ పూత. దాన్ని 'రిపేరు ఎప్పటికీ అవదు' అని విసుక్కునేవాళ్లకు మా అవ్వల కాలంలో పండక్కి పండక్కి గోడలు అలికేవాళ్లన్న సంగతి గుర్తుచేస్తే చాలు. గోడల మీద చేతులు ఆనించొద్దని అక్కడ చెప్పేది కూడా ఉత్తి మర్యాద కోసం కాదు. పిల్లలు ఎక్కి కూర్చున్న చోట రాలిన మట్టి తిరిగి అతకదు.

అప్పుడు వెళ్లండి సింగారించిన ఇళ్లకు. కమాండింగ్ ఆఫీసరు ఇల్లు 1880ల మొదట్లో బెంజమిన్ గ్రియర్సన్ కుటుంబం ఉన్నప్పటి తీరులో అమర్చారు. ఎదురుగా బ్యారక్‌లో వరస మంచాలు, గోడకు తుపాకులు, ఒక్కొక్కరికి ఒక పెట్టె. సిపాయి జీతం నెలకు 13 డాలర్లు. ఈ రెండు ఇళ్లను వెంట వెంటనే చూడాలి, మధ్యలో టీ తాగడానికి ఆగొద్దు. సరుకుల కొట్టు, ఆసుపత్రి, ఆఫీసరు ఇంటి వెనక వంటిల్లు కూడా వదలకూడదు. పనివాళ్లు పడుకున్న గదులు ఆ వెనకే. అన్ని గదులూ అన్ని రోజులూ మనిషి ఉండి చూపించరు. ఆ రోజు ఏవి తెరిచారో లోపలికి వెళ్లేటప్పుడే అడగండి. మధ్యమధ్య మైదానం మీద స్పీకర్లలో 1875 నాటి సాయంకాలపు కవాతు బ్యాండు, బూరల ధ్వని వినిపిస్తారు. అది మొదలైనప్పుడు వసారాలో కూర్చుని చివరిదాకా వినాలి.

ఆ బ్యారక్‌లలో ఎవరున్నారన్నది ఈ చోటులో అన్నిటికంటే బరువైన సంగతి. 1867 నుంచి 1885 దాకా ఇక్కడ ప్రధానంగా పనిచేసినవి నల్లజాతి పటాలాలు: తొమ్మిదో, పదో అశ్వికదళాలు, ఇరవై నాలుగో, ఇరవై ఐదో పదాతి దళాలు. వాళ్లలో ఎందరో రెండేళ్ల కిందటిదాకా బానిసలు. ఆఫీసర్లు దాదాపు అందరూ తెల్లవాళ్లు. దండుకు పేరిచ్చిన జెఫర్సన్ డేవిస్ 1854లో అమెరికా యుద్ధమంత్రి. తర్వాత బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన కాన్ఫెడరసీకి అధ్యక్షుడు. ఆ పేరు మార్చకుండానే విడుదలైన బానిసలను ఆ దండుకు కాపలా పెట్టారు. వాళ్ల చేత వేయించిన పని ఏమిటి? ఇంకో జాతిని దాని నేల మీద నుంచి తరమడం. ఈ నల్లజాతి సిపాయిలకు వచ్చిన 'బఫెలో సోల్జర్స్' అన్న పేరును టీషర్టుల మీద వేసి ఇప్పుడు గర్వంగా చెబుతారు, తప్పులేదు. ఆ గర్వంలో అపాచీల పక్క మరుగున పడకూడదు. రెండూ ఒకే చోట నిజం.

ఈ పటాలాలకు చట్టప్రకారం ఇచ్చిన మతగురువు పని ప్రార్థన ఒక్కటే కాదు, అక్షరాలు నేర్పడం కూడా. ఇరవై ఐదో పటాలానికి చెందిన జార్జ్ మలిన్స్ ఇక్కడి చర్చిలో సిపాయిలకు బడి నడిపాడు. అదే చర్చిలో 1881లో హెన్రీ ఫ్లిపర్ మీద కోర్టు మార్షల్ జరిగింది. ఫ్లిపర్ 1877లో వెస్ట్ పాయింట్ సైనిక కళాశాల నుంచి పట్టా పొందిన తొలి నల్లజాతి అధికారి. సరుకుల విభాగం చూసేవాడు, లెక్కలో డబ్బు తగ్గిందని అప్పటి దండు కమాండరు కల్నల్ విలియం షాఫ్టర్ కేసు పెట్టాడు. దొంగతనం నేరం నిలవలేదు, కోర్టు కొట్టేసింది. 'అధికారికి తగని ప్రవర్తన' అన్న రెండో ఆరోపణ మీద 1882లో ఉద్యోగం తీసేశారు. 1976లో సైన్యం దాన్ని గౌరవప్రదమైన విడుదలగా మార్చింది, 1999లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాభిక్ష ఇచ్చాడు. ఫ్లిపర్ చనిపోయింది 1940లో. చర్చి ఉన్న చోట ఇప్పుడు మిగిలింది పునాది. జనం ఆ చోటు దాటి ఆఫీసర్ల ఇళ్లలో పియానో చూడ్డానికి పోతారు.

నీళ్ల మాట మొదట అన్నాను, అది 1880లో తేలింది. వార్మ్ స్ప్రింగ్స్ అపాచీల నాయకుడు విక్టోరియో రెండు దేశాల సైన్యాలనూ తిప్పలు పెడుతున్నాడు. వెంటపడితే గుర్రాలు చస్తున్నాయి తప్ప మనిషి దొరకడం లేదు. గ్రియర్సన్ వెంటపడటం మానేశాడు. ఈ ఎడారిలో ఎవడైనా నీళ్ల దగ్గరికి రాక తప్పదు కదా అని దొనల దగ్గర, ఊటల దగ్గర మనుషుల్ని కూర్చోబెట్టాడు. జులై 30న తినాహా దె లాస్ పాల్మాస్ అనే దొన దగ్గర కొద్దిమందితో తానే అడ్డం పడ్డాడు, పక్కన కుర్రవాడైన కొడుకు కూడా ఉన్నాడు. ఆగస్టు 6న రాటిల్‌స్నేక్ స్ప్రింగ్స్ దగ్గర మరో దెబ్బ. నీళ్లకు దారి మూసుకుపోయి విక్టోరియో మెక్సికో వైపు తిరిగాడు. అక్టోబరులో త్రెస్ కాస్తియోస్ దగ్గర మెక్సికన్ దళాల చేతిలో చనిపోయాడు. ఈ రెండు చోట్లూ దండుకు పశ్చిమాన చాలా దూరంలో ఉన్నాయి, వెతుక్కుంటూ వెళ్లక్కర్లేదు. ఆ నీటి విలువ తెలియాలంటే బాల్మోరియా స్టేట్ పార్కులో శాన్ సాలమన్ ఊటలు చూస్తే చాలు. ఎడారి మధ్యన స్వచ్ఛమైన కొలను, అడుగున చేపలు, ఏడాది పొడుగునా ఈత కొట్టగలిగేంత వెచ్చగా ఉండే నీళ్లు. మరమ్మతులని, శుభ్రం చేయడమని తరచూ మూస్తుంటారు. పిల్లలకు మాట ఇచ్చే ముందు పార్కు వెబ్‌సైటు చూసుకోండి.

మార్ఫా దగ్గర రాత్రిపూట దూరాన కనబడే అంతుపట్టని వెలుగులు, మార్ఫా దీపాల గురించి అడుగుతారు. ఇంకో రాత్రి మిగిలితే చూడండి, లేకపోతే పోయిందేమీ లేదు.

దండు గట్టు మీది బాట అవతల డేవిస్ మౌంటెన్స్ స్టేట్ పార్కులోకి దిగుతుంది. కారును ఒక చివర ఇంకొకరి చేత తెప్పించుకోగలిగితే ఒక వైపే నడవొచ్చు, కాళ్లకు మేలు. ఆ పార్కులో ఇండియన్ లాడ్జ్ అనే తెల్లటి బస ఉంది. 1930ల మాంద్యంలో కుర్రాళ్లకు పని కల్పించడానికి పెట్టిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కట్టింది. గోడలు 18 అంగుళాల పైనే మందం, అవీ పచ్చి ఇటుకే. దండులో కూలిన గోడ చూసిన రోజే చూరుతో నిలిచిన గోడ మధ్య పడుకోవడం కంటే మంచి పాఠం లేదు. గదులు నెలల ముందే నిండిపోతాయి. తిండి విషయం ముందే చెప్పుకోవాలి: ఊళ్లో హోటళ్లు కొద్దే, అన్నీ అన్ని రోజులూ తెరవరు, మాంసం ముట్టనివాళ్లకు ఇంకా తక్కువ. పులిహోర, పెరుగు, అప్పడాలు తెచ్చుకున్నవాళ్లు సుఖపడతారు. మరిచిపోతే 24 మైళ్ల దూరంలో ఆల్పైన్‌లో కిరాణా ఉంది.

రాత్రికి 16 మైళ్ల పైన మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ. 1939 నాటి 82 అంగుళాల టెలిస్కోపు ఒకటి, 91 ఆరుపలకల అద్దాలు కలిపి చేసిన హాబీ-ఎబర్లీ టెలిస్కోపు ఇంకొకటి. స్టార్ పార్టీ అని పిలిచే, రాత్రి ఆకాశం చూపించే కార్యక్రమానికి టికెట్లు ఆన్‌లైన్లో ముందే తీసుకోవాలి, గుమ్మం దగ్గర దొరుకుతాయని వెళ్లొద్దు. ఈ ఊరు సెంట్రల్ టైం జోన్‌కి పడమటి కొసన ఉండటం వల్ల వేసవిలో చీకటి పడేసరికే తొమ్మిది దాటుతుంది, కార్యక్రమం పన్నెండుకు దగ్గర్లో ముగుస్తుంది. జులైలోనైనా పైన చలిగా ఉంటుంది, స్వెటరు ఉండాలి. పౌర్ణమికి దగ్గరి రోజులు వద్దు. ఫోన్ టార్చి వేస్తే పక్కవాళ్ల కళ్లు చీకటికి మళ్లీ అలవాటుపడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఎర్రలైటు తెచ్చుకోండి. ముగిశాక స్టేట్ హైవే 118 మీద దిగేటప్పుడు మాత్రం తొందర వద్దు. ఆ వేళకు జింకలు రోడ్డు మీదికొస్తాయి. ఒకటి దాటిందంటే వెనక ఇంకొకటి ఉంటుందనే లెక్కలో బ్రేకు మీద కాలుంచి దిగాలి.